కవరు వేసి కూర్చోమంటే ఎలా, పెద్దలారా?

సంఘ కాపరులకు, డీకన్లకు, పాస్టరేట్ కమిటీ పెద్దలకు, స్త్రీల మైత్రి నాయకురాళ్లకు వందనాలు.

ముందు నేనెవరో చెప్పుకుంటాను. ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. వేదాంత కళాశాల గడప తొక్కలేదు. ఆదివారం మూడో వరసలో, ఫ్యాను కింద కూర్చుంటాను. క్వయర్‌లో పాడే గొంతు పోయింది, కమిటీల్లో కూర్చునే ఓపిక ఎప్పుడూ లేదు. ఈ ఉత్తరం ఏ ఒక్క సంఘానికో కాదు. లూథరన్, బాప్తిస్టు, సి.ఎస్.ఐ., మెథడిస్టు, బ్రదరెన్, ఇండిపెండెంటు అని ఎన్ని బోర్డులు కట్టుకున్నా ఈ ఒక్క విషయంలో మనందరిదీ ఒకటే తీరు. అందుకని అందరికీ కలిపే రాస్తున్నాను.

పోయిన ఏడాది మిషనరీ ఆదివారం నాటి సంగతి. ప్రసంగం బాగుంది, కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆఖర్న కానుక కవర్లు పంచారు. నేను లేచి, "అయ్యగారూ, ఊరి బయట ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. శనివారం సాయంత్రాలు నలుగురం కలిసి వెళ్లి చూసొద్దామా?" అని అడిగాను. వెనక బెంచీల్లో చిన్న నవ్వు. ఒక పెద్దాయన, మంచాయనే, నా చేతిలో ఇంకో కవరు పెట్టి, "అమ్మా, మీరిది వేయండి చాలు. మిగతాది చూసుకోడానికి సువార్తికులున్నారు కదా" అన్నారు. వేశాను, ఐదు వందలు. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు.

ఆయన మాటలో తప్పేమీ లేనట్టే ఉంటుంది. సువార్తికులున్నారు, జీతాలున్నాయి, జీతాలకు కానుకలు కావాలి. నిజమే. కానీ మన ముత్తాతల కాలంలో అందరూ ఇదే మాట అనుకుని ఉంటే, ఆయన ఆ రోజు నిలబడ్డ గుడి అక్కడ ఉండేది కాదు.

ఒంగోలు కథ మనకందరికీ కంఠతా వచ్చు అనుకుంటాం. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర, ప్రార్థన కొండ, గుండ్లకమ్మలో బాప్తిస్మాలు. కాని మనం ఆ కథని దొర వైపు నుంచే చెప్పుకుంటాం. ప్రార్థన కొండ మీదికి 1854 జనవరి ఒకటిన తెల్లవారుజామున ఎక్కింది ఐదుగురు. జూయెట్ దొర, దొరసాని పోగా మిగిలిన ముగ్గురు మనవాళ్లు: క్రిస్టియన్ నర్సు అనే పేరుగల ఆయన, జూలియా, రూతు. అందులో ఇద్దరు ఆడవాళ్లు. అంతకుముందే నెల్లూరులో మిషను ఉంచాలా మూసేయాలా అని అమెరికాలో తర్జనభర్జన పడ్డారు. డబ్బు పెట్టేవాళ్లే నమ్మకం పోగొట్టుకుంటున్న రోజుల్లో ఆ ఇద్దరు ఆడవాళ్లు చీకట్లో కొండెక్కి ఒంగోలుకు ఒక మనిషిని పంపమని మోకరించారు. మన పిల్లల్ని అడిగి చూడండి. జూయెట్ పేరు చెబుతారు, జూలియా పేరు చెప్పరు.

తర్వాత ఎర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడు మాదిగాయన, తోళ్ల వ్యాపారి. అంతకుముందే యోగం అభ్యసించి, శిష్యుల్ని కూడా సంపాదించుకున్న మనిషి. వ్యాపారం మీద ఉత్తరపు జిల్లాలకు తిరిగినప్పుడు సువార్త చెవిన పడింది. ఒంగోలులో దొర దిగాడని తెలిసి ఆయన్నే వెతుక్కుంటూ వెళ్లాడు. ఇది గమనించండి. దొర వచ్చి పేరయ్యను పట్టుకోలేదు. పేరయ్య వెళ్లి దొరను పట్టుకుని తన వాళ్ల దగ్గరికి తీసుకొచ్చాడు. ఆ తర్వాత కూడా పల్లె పల్లెకూ తిరిగి, తోళ్ల బేరంలో తెలిసిన ఇళ్లలో, చుట్టాల ఇళ్లలో కూర్చుని మాట్లాడింది ఆయనే. క్లౌ దొరకు తెలుగు వచ్చు. కాని ఏ ఇంట్లో ఎవరి కూతురు ఎవరికి కోడలో పేరయ్యకు తెలుసు. మన దేశంలో సువార్త నడిచిన దారి అది, చుట్టరికం దారి.

కరువు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని ఊడ్చేసిన కరువది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని క్లౌ గారు కాంట్రాక్టుకు తీసుకున్నారు, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరకాలని. అక్కడ మేస్త్రీలుగా ఉన్నది మన బోధకులే. పగలు పని చూపించారు, విశ్రాంతి వేళ పక్కన కూర్చుని కష్టం విన్నారు. ఇక్కడ ఆయన చేసిన ఒక పని నాకు అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది. బాప్తిస్మం ఇమ్మని వందలాది మంది అడుగుతున్నా, కరువు సాయం నడిచినన్నాళ్లూ, పదిహేను నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని, వచ్చేవాడి మనసు వాడికే స్పష్టం కావాలని ఆగారు. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో నిలబడి వాళ్లకు బాప్తిస్మమిచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతులేసుకుని. దొర ఆ రోజు ఒక్కరికి కూడా ఇవ్వలేదు.

ఇది ఒంగోలుకే ప్రత్యేకం అంటారేమో. నరసాపురం వెళ్దాం. 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి వచ్చి గోదావరి డెల్టాలో స్థిరపడిన బౌడెన్, బీర్ గార్లలో ఒకాయన రాతిపని మేస్త్రి, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. పెద్ద సొసైటీ లేదు, నెల జీతం లేదు. ఇంకా పైకి, దుమ్ముగూడెం. గోదావరి మీద పడవల దారి పనులు చూసే ఇంజనీరు కెప్టెన్ హెయిగ్, ఆ పనుల్లోనే ఉద్యోగం చేసే వెంకటరామరాజు అనే మన తెలుగాయన, ఈ ఇద్దరి పట్టుదల మీద 1860 ప్రాంతంలో కోయల మధ్య సువార్త పని మొదలైంది. ఒకరు ఇంజనీరు, ఒకరు సరుకుల లెక్కలు చూసే ఉద్యోగి. అప్పటికి ఇద్దరిలో ఎవరూ పాదిరీలు కారు. పాదిరీలు తర్వాత వచ్చారు.

ఇక డోర్నకల్. నాకు చాలా ఇష్టమైన కథ, కాస్త ఎక్కువ చెబుతాను, ఓర్చుకోండి. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో సొంత డబ్బు, సొంత మనుషులు అని నియమం పెట్టుకుని ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించుకున్నారు. వాళ్లకేమీ మిగిలిపోయి కాదు. చాలామంది పల్లెటూరి వాళ్లే. వాళ్లు పంపిన తమిళ బోధకులు నిజాం రాజ్యంలో మానుకోట, డోర్నకల్ అడవుల వైపు వచ్చి, మన భాష నేర్చుకుని, మన జొన్న సంకటి తిని, మలేరియా జ్వరాలు పడి పని చేశారు. ఆ సొసైటీ పెట్టినవాళ్లలో ఒకరైన అజరయ్య గారు 1909లో తానే డోర్నకల్ వచ్చేశారు. 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడాయన.

ఆయన పల్లెల్లో ఒక పద్ధతి పెట్టారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లను తమ తల మీద తామే చెయ్యి పెట్టుకుని, "నేను బాప్తిస్మం పొందినవాడను. సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ" అని పలకమనేవారు. పౌలు మాట అది. పలికింది ఎవరు? పొద్దున కలుపు తీసి, సాయంత్రం గొడ్లు తోలుకొచ్చే మనుషులు. అక్షరం ముక్క రాని ఆడవాళ్లు. వాళ్లెవరికీ ఆయన కవరు ఇవ్వలేదు. పని ఇచ్చారు. ఏడాదికి ఒక వారం సాక్ష్య వారం అని పెట్టి, సంఘమంతా పాటలు పాడుకుంటూ పక్క ఊళ్లకు వెళ్లేలా చేశారు. కూలి మానుకుని వెళ్లారు. కూలివాడికి ఒక రోజు కూలి అంటే ఏమిటో తెలిసినవాళ్లకు అదెంత పెద్ద కానుకో తెలుస్తుంది. 1930ల నాటికి ఆ ప్రాంతంలో ఊరి మధ్య ఇళ్లవాళ్లు, రైతు కులాలవాళ్లు కూడా సంఘంలో చేరడం మొదలైంది. వాళ్లు చెప్పిన కారణం ప్రసంగాలు కాదు. మాలపల్లెలో, మాదిగపల్లెలో తాగుడు తగ్గింది, కొట్లాటలు తగ్గాయి, పిల్లలు బడికి పోతున్నారు, మనుషులు శుభ్రంగా ఉంటున్నారు, ఇదేమిటా అని చూసి వచ్చామన్నారు. అంటే పల్లె బతుకే ప్రసంగమైంది.

మరి ఇంత మంచి చేతి పని మన చేతుల్లోంచి ఎలా జారిపోయింది? నాకు తోచినంత చెబుతాను. చదువుకున్నాం, ఉద్యోగాలొచ్చాయి, పల్లె వదిలి కాలనీల్లోకి వచ్చాం. గుళ్లు పెద్దవయ్యాయి. స్టేజీ వచ్చింది, సౌండ్ బాక్సులు వచ్చాయి, ఆ తర్వాత టీవీ, యూట్యూబు. చెప్పేవాడు ఒకడు, వినేవాళ్లు వెయ్యి మంది. సువార్త సభ అంటే ఇప్పుడు ఫ్లెక్సీ మీద దైవజనుడి ఫోటో, అది కూడా యేసు ప్రభువు పేరు కన్నా పెద్దది. (కోపం రావద్దు, మీరూ చూశారు.) మేము కూర్చుని చప్పట్లు కొట్టే జనం అయ్యాం. మా అమ్మమ్మకు చదువు రాదు. వడ్లు దంచుతూ పురుషోత్తమ చౌధరి గారి కీర్తనలు పాడేది. పక్కింటి అత్త రోకలి ఆపి, "ఆ పాటలో ఏముందే?" అని అడిగితే చెప్పేది. అదే ఆమె పరిచర్య. దానికి మైకు లేదు, కమిటీ తీర్మానం లేదు. నాకు నాలుగు భాషల్లో బైబిలు ఫోనులో ఉంది, పక్క ఫ్లాటు వాళ్ల పేరు మాత్రం తెలియదు.

భయం కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు. మనలో చాలామంది సర్టిఫికెట్టు మీద ఒక మతం, ఆదివారం ఇంకో మతం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అలా చేసింది. క్రైస్తవుడని రాసుకుంటే ఎస్సీ హోదా పోతుంది, మన రాష్ట్రాల్లో బి.సి.-సి లోకి మారతారు. పిల్లాడి సీటు, ఉద్యోగం, అట్రాసిటీ చట్టం రక్షణ, అన్నీ దానితో ముడిపడి ఉన్నాయి. ఇలాంటి కుటుంబాలను వేదిక మీదికి లాగి సాక్ష్యం చెప్పమని ఇరకాటంలో పెట్టకండి. వాళ్ల బతుకు గురించి తీర్పు చెప్పే అర్హత, పెన్షను తీసుకుంటూ ఫ్యాను కింద కూర్చునే నాకు లేదు. అయితే వాళ్లు చేయగలిగిన పరిచర్య లేదనుకోవడం కూడా తప్పే. రోగి పక్కన కూర్చోడానికి సర్టిఫికెట్టు అడిగేదెవరు?

గొడవల భయం ఇంకొకటి. కరపత్రాలు పంచితే కొట్టారని, కేసులు పెట్టారని వింటున్నాం. కొన్నిచోట్ల అది పూర్తిగా అన్యాయం. కొన్నిచోట్ల మనవాళ్ల నోటి దురుసు కూడా ఉంది. ఎదుటివాడి దేవుణ్ణి తిట్టి మన దేవుణ్ణి పరిచయం చేయాలనుకోవడం ఏం మర్యాద? రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించడానికే కాదు, ప్రచారం చేయడానికి కూడా హక్కు ఇచ్చింది. ఇంకొకరి మతం మార్చే హక్కు అందులో లేదని, బలవంతంగానో మోసంతోనో మార్చడాన్ని ఆపే చట్టాలు చెల్లుతాయని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. విశ్వాసిగా ఆ రెండో మాట నాకేమీ అడ్డంగా కనబడదు. బలవంతాన తెచ్చిన విశ్వాసం ప్రభువుకెందుకు? క్లౌ గారు పదిహేను నెలలు ఆగింది ఏ చట్టానికీ భయపడి కాదు కదా.

నా ఉద్యోగంలో ఒక సంగతి చెబుతాను. గుంటూరులో అన్నా కుగ్లర్ గారు 1883లో దిగి, ఆడవాళ్లకు వైద్యం చేసి, 1898లో ఆసుపత్రి తెరిచిన కథ మా ట్రైనింగు రోజుల్లో విన్నాను. నేను డాక్టర్ని కాను, మిషనరీని అంతకన్నా కాను. ప్రభుత్వ వార్డులో డ్యూటీలో బోధించడం తప్పు, అది నాకు తెలుసు, ఎప్పుడూ చేయలేదు. అయినా రాత్రి డ్యూటీలో కాలిన గాయాలతో వచ్చిన ఒక ముసలమ్మకు డ్రెస్సింగు మారుస్తుంటే, "నీకు విసుగెందుకు రాదే?" అని అడిగింది. అడిగింది కాబట్టి రెండు మాటల్లో చెప్పాను. ఆమె క్రైస్తవురాలు కాలేదు. డిశ్చార్జి అయ్యే రోజు మాత్రం నా చేయి వదల్లేదు. నేను చెప్పిన జవాబు ఆమెకు ఎంత అర్థమైందో దేవుడికి తెలుసు. ఆమె అడగడమే నా ముప్పై ఒక్క ఏళ్లలో నాకు దొరికిన పెద్ద జీతం అనుకుంటాను. అడిగినవాళ్లకు సాత్వికంతో, భయంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు రాసింది మాలాంటి వాళ్లకే. అడగాలంటే ముందు మనిషి దగ్గర మనం ఉండాలి. గుడి లోపలే ఉంటే ఎవరు అడుగుతారు?

అపొస్తలుల కార్యాలు ఎనిమిదో అధ్యాయం మీకు నేను చెప్పనక్కర లేదు, కానీ ఒక్క మాట. స్తెఫను చనిపోయాక యెరూషలేములో హింస పుట్టింది. అపొస్తలులు తప్ప అందరూ చెదరిపోయారు. అలా చెదరిపోయినవాళ్లే సువార్త చెబుతూ తిరిగారు. అంటే పన్నెండుగురు పెద్దలు ఊళ్లో ఉండిపోయారు, పని చేసింది సామాన్యులు. అంతియొకయలో గ్రీకువాళ్లకు మొదట చెప్పినవాళ్లు కుప్ర, కురేనే మనుషులు. లూకా వాళ్ల పేర్లు కూడా రాయలేదు. కుష్ఠు పట్టిన సిరియా సేనాపతి నయమానుకు దారి చూపింది వాళ్ల ఇంట్లో పనిపిల్ల. సమరయ స్త్రీ నీళ్లకుండ అక్కడే వదిలేసి ఊళ్లోకి పరుగెత్తింది, ఆమెకు బాప్తిస్మపు తరగతులు కూడా కాలేదు. కాపరులను ప్రభువు ఇచ్చింది పరిశుద్ధులను పరిచర్యకు సిద్ధం చేయడానికని ఎఫెసీ పత్రికలో ఉంది. మీరు మాకు బదులుగా చేయడానికి కాదు, అయ్యగారూ. మా చేత చేయించడానికి.

మా పిన్ని కూతురు పదహారేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసింది. అక్కడ శుక్రవారం సెలవు దొరికితే మన రాజంపేట, భీమవరం ఆడవాళ్లు ఒక గదిలో కలిసి ప్రార్థన చేసుకునేవాళ్లట. జీతం రాని అమ్మాయికి, కొట్టించుకున్న అమ్మాయికి వీళ్లే దిక్కు. కొత్తగా వచ్చినదానికి ఫోను కార్డు కొనిచ్చేది, జ్వరం వస్తే గంజి కాచేది, ఇంటికి ఉత్తరం రాసిపెట్టేది వీళ్లే. పాస్టరు ఎవరని అడిగితే నవ్వింది. "అందరం పనిమనుషులమే అక్కా" అంది. అక్కడ ఎన్ని ఆంక్షలున్నా వాళ్లకు ఇది కుదిరింది. ఏ ఆంక్షా లేని మన కాలనీలో మనకెందుకు కుదరడం లేదో నాకు అర్థం కాదు.

మీరు ఏం చేయాలని అడిగితే, డబ్బు అడగను. కవరు కూడా ఆపమనను. సువార్తికుల జీతాలు ఇప్పటికే తక్కువ, వాటికి కోత పెట్టకండి. నేను అడిగేది మనుషుల్ని, సమయాన్ని. సాక్ష్య వారాన్ని మళ్లీ మొదలుపెట్టండి, మైకులు లేకుండా. ఆ వారం గుడిలో కూడికలు రద్దు చేయండి, మేం రావడానికి వేరే చోటు లేక ఊళ్లోకే వెళ్తాం. టీచర్లకు, నర్సులకు, ఆటో డ్రైవర్లకు, షాపుల్లో పనిచేసే పిల్లలకు తమ పనిలో ఎంతవరకు మాట్లాడవచ్చో, ఎక్కడ ఆగాలో నేర్పండి. ముఖ్యంగా ఆగడం నేర్పండి. సాయం చేసి ఫోటో తీయకూడదని, తల్లిదండ్రులకు తెలియకుండా పిల్లలకు ఏమీ బోధించకూడదని, జబ్బుపడ్డవాళ్లకు మందు మానేయమని చెప్పకూడదని గుడి గోడ మీద రాయించండి. ఈ చివరిది నర్సుగా అడుగుతున్నాను. స్వస్థత అయిందని ఇన్సులిన్ మానేసి వార్డుకొచ్చినవాళ్లను నా చేతులతో ఎత్తాను.

అజరయ్య గారి పద్ధతి కూడా తిరిగి తేవచ్చేమో చూడండి. ఈసారి బాప్తిస్మపు ఆరాధనలో కొత్తవాళ్ల చేత మాత్రమే కాదు, మా అందరి చేతా తల మీద చెయ్యి పెట్టించి ఆ మాట పలికించండి. కమిటీ పెద్దలతో మొదలుపెడితే ఇంకా బాగుంటుంది.

మీ జవాబు వచ్చేదాకా నేను ఊరికే ఉండలేదు. స్త్రీల మైత్రిలో ఇద్దరు, టైలరింగు చేసే ఒకామె, కాలేజీ చదివే మా పొరుగింటి అబ్బాయి, నేను, ఐదుగురం డిసెంబరు నుంచి శనివారం సాయంత్రాలు బట్టీల దగ్గరికి పోతున్నాం. యజమానిని అడిగే వెళ్లాం. బి.పి. చూస్తాను, పిల్లల కళ్లు, పుండ్లు చూస్తాను, అవసరమైతే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్తాం. టైలరమ్మ చిరిగిన బట్టలు కుట్టిపెడుతుంది. ప్రార్థన చేయమని అడిగితే చేస్తాం, అడగకపోతే టీ తాగి వచ్చేస్తాం. ఇప్పటికి అడిగింది ఇద్దరే. బలాంగీర్ వైపు నుంచి వచ్చిన ఒక బాలింతకు మా భాష రాదు, ఆమె భాష మాకు రాదు. పసివాడి పాల సంగతి చేతి సైగలతో ఎంతని చెప్పను?

అందుకని మొదటి విన్నపం ఇదే. మీ సంఘంలో ఒడియా వచ్చినవాళ్లు, శ్రీకాకుళం వైపు వాళ్లు చాలామందికి వస్తుంది, ఎవరైనా ఉంటే వచ్చే శనివారం పంపండి. నాలుగున్నరకు రైల్వే గేటు దగ్గర నుంచుని ఉంటాం. దారిలో లైట్లు లేవు, టార్చి తెచ్చుకోమనండి.

మీ మూడో వరస బెంచీ నుంచి,
ఒక రిటైర్డు నర్సు